గని పక్కన పల్లె ఏమవుతుంది? బొగ్గు గనుల్లో 31 ఏళ్లు సర్వే చేసినవాడి జవాబు

ఒంగోలు దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల ఊరి వెనక కొండలో ఇనుప ఖనిజం తవ్వుతారని మండలమంతా మాట నడుస్తోందట. గని వస్తే ఊరు బాగుపడుతుందని కొందరు, ఊరే మిగలదని కొందరు. "బొగ్గు గనుల దగ్గర పల్లెలు ఇదంతా ఎప్పుడో చూసేశాయి కదా. అక్కడ జనం పెరిగారా, తగ్గారా? వచ్చిన డబ్బు ఎవరి చేతిలో నిలిచింది?" అని అడిగారు.

మాది కందుకూరు వైపు. డిప్లొమా చదివి 1980ల్లో బొగ్గు గనులకు వెళ్లాను. రెండు రాష్ట్రాల్లో కలిపి 31 ఏళ్లు సర్వే విభాగంలోనే పనిచేసి ఇంటికొచ్చాను. సర్వేయర్ పని గని లోపల ఎంతో బయటా అంతే. భూమి తీసుకునే ముందు ఊళ్లోకి మొదట అడుగుపెట్టేది మేమే, ఊరు ఖాళీ అయ్యాక చివరి కొలత తీసేదీ మేమే. నాకు తెలిసింది వివరంగా రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

గని వస్తే జనం పెరుగుతారా అంటే, మండలం లెక్క తీస్తే పెరుగుతారు. గని హద్దులో పడ్డ ఊరి లెక్క తీస్తే తగ్గుతారు, ఒక్కోసారి సున్నా అవుతారు. రెండూ ఒకే పదేళ్లలో, ఒకే మండలంలో జరుగుతాయి. పెరిగినవాళ్లు వేరు, తగ్గినవాళ్లు వేరు. డబ్బు సంగతీ ఇంతే. మండలంలో తిరిగే డబ్బు చాలా పెరుగుతుంది, కానీ అది భూమి ఇచ్చినవాడి గడపలో ఎంతకాలం ఉంటుందనేది వేరే లెక్క. ఈ రెండు లెక్కల్నీ కలిపేసి మాట్లాడటం వల్లే ప్రతి ఊళ్లోనూ రెండు వర్గాలు తయారవుతాయి.

బొగ్గు కథ ఇల్లందు నుంచి మొదలుపెడితే బాగా అర్థమవుతుంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. అప్పటికి అదంతా అడవి, కోయ గూడేలు. గని చుట్టూ లేచిన బస్తీని జనం బొగ్గుట్ట అని పిలుచుకున్నారు. సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఏర్పడింది. కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని ఇవాళ పట్నాలుగా ఉన్నాయంటే గనుల పుణ్యమే. ఆ రోజుల్లో గనంటే మనుషులే. తట్టా, చెమ్మస్ (పార) పట్టి బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే ఫిల్లర్లు వేలల్లో కావాలి. నల్గొండ, వరంగల్, కరీంనగర్ పల్లెల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి కూడా మనుషులు వచ్చి చేరారు. అడవిలో ఉన్న గూడెంవాళ్లలో గనిలోకి దిగినవాళ్లు తక్కువ. పట్నం పెరిగింది, గూడెం అడవిలోకి ఇంకా లోపలికి జరిగింది. నేను పైన చెప్పిన రెండు లెక్కలు మొదటి రోజు నుంచీ ఉన్నాయని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అయినా ఆ కాలపు గని ఒక మేలు చేసింది. బొగ్గు భూమి లోపల, మనుషులు లోపల, పైన పొలం చాలావరకు పొలంగానే ఉండేది. ఒక్క ఇంక్లైన్ (ఏటవాలు సొరంగం ఉన్న గని) కింద వెయ్యి కుటుంబాలు బతికేవి. నెలనెలా మస్టరు పడిన జీతం వారం తిరక్కుండా కిరాణా కొట్టుకీ, కూరగాయల బుట్టకీ, టైలరుకీ చేరేది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు పాలు, కోళ్లు, మిరపకాయలు తెచ్చి అమ్ముకునేవాళ్లు. గనిలో ఉద్యోగం లేనివాడికీ గని మీద బతుకు ఉండేది.

ఇప్పటి గని అది కాదు. 1990 ప్రాంతంలో సింగరేణిలో దాదాపు 1.16 లక్షల మంది పనిచేసేవాళ్లు. ఏడాదికి తీసిన బొగ్గు 2 కోట్ల టన్నుల లోపే. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు, శాశ్వత ఉద్యోగులు 40 వేల చిల్లర. బొగ్గు మూడింతలు దాటి పెరిగింది, మనుషులు దాదాపు మూడోవంతుకు వచ్చారు. కారణం ఓపెన్ కాస్ట్. పైనున్న మట్టి, రాయి మొత్తం తీసేసి బొగ్గును బయటికి తెరిచి ఎత్తుకుంటారు. ఒక టన్ను బొగ్గు కోసం అయిదారు ఘనపు మీటర్ల మట్టి తీయాలి. ఆ మట్టిని పోయడానికి మళ్లీ భూమి కావాలి. గోయికి భూమి, మట్టి దిబ్బకి భూమి, రోడ్డుకి భూమి. పని మాత్రం షావెల్, డంపరు చేస్తాయి. కాబట్టి ఎకరానికి ఎన్ని ఉద్యోగాలు అన్న లెక్క వేస్తే పాత గనికీ కొత్త గనికీ పోలికే లేదు. మీ ఊళ్లో "గనొస్తే ఇంటికో ఉద్యోగం" అంటున్న పెద్దలు మనసులో పెట్టుకున్నది పాత గని. మీ కొండకి వచ్చేది యంత్రాల గని.

ఉద్యోగాల్లోనూ రెండు రకాలుంటాయి. కంపెనీ పర్మినెంటు వాళ్లకి వేతన ఒప్పందం ప్రకారం జీతం, క్వార్టరు, ఆసుపత్రి, దసరాకి లాభాల్లో వాటా. మట్టి తీసే పని కాంట్రాక్టుకి ఇస్తారు. ఆ కాంట్రాక్టరు తన టిప్పర్లతోపాటు తన డ్రైవర్లనీ, మెకానిక్కుల్నీ వేరే రాష్ట్రాల నుంచి తెచ్చుకుంటాడు. వాళ్లు రేకుల క్యాంపుల్లో ఉండి, వంటమనిషిని కూడా వెంట తెచ్చుకుని, జీతంలో ఎక్కువ భాగం ఇంటికి పంపుతారు. అది వాళ్ల తప్పు కాదు. మన కనిగిరి, పామూరు పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వెళ్లి చేస్తున్నదీ అదే. కానీ జనాభా లెక్కలో ఆ క్యాంపు మీ మండలంలో పెరిగిన జనం కిందే పడుతుంది. ఒంటరి మగవాళ్లు, ఇరవై నుంచి నలభై లోపు వయసు, పిల్లలు బడిలో లేరు, ఓటు ఇక్కడ లేదు. అలాంటి పెరుగుదల వల్ల ఊరికి గది అద్దెలు, టీ కొట్లు, పంక్చరు షాపులు పెరుగుతాయి తప్ప బడి పెరగదు.

దీనికి మీరు దూరం వెళ్లి చూడక్కర్లేదు. చీమకుర్తి మీకు అరగంట దారి. గెలాక్సీ గ్రానైటు వల్ల ప్రపంచానికి ఆ ఊరి పేరు తెలిసింది, పట్నమైంది, లారీలు, పాలిషింగ్ యూనిట్లు, డబ్బు అన్నీ వచ్చాయి. రామతీర్థం వైపు క్వారీల దగ్గర ఆగి, పనిచేస్తున్నవాళ్లని ఏ ఊరని అడగండి. ఒడిశా, బీహార్ అనే మాట ఎన్నిసార్లు వినబడుతుందో మీరే లెక్కపెట్టండి.

ఇక భూమి ఇచ్చినవాళ్ల డబ్బు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, నేను ఎక్కువగా చూసిందీ, ఎక్కువగా బాధపడిందీ దీని గురించే.

ఒక ఊళ్లో చెట్లు లెక్కపెడుతున్నాం. భూమితోపాటు బావి, షెడ్డు, చెట్టు అన్నిటికీ విడివిడిగా విలువ కడతారు. ఒక ముసలమ్మ పెరట్లో చింతచెట్టు. మా కుర్రాడు టేపుతో చుట్టుకొలత తీసి రిజిస్టర్లో రాస్తుంటే ఆమె పక్కన నిలబడి అడిగింది: "నాయనా, ఏడాదికి రెండు బస్తాల చింతపండు అమ్ముతాను. అది ఎక్కడ రాస్తున్నారు?" చెట్టుకి కలప విలువ, కాపు విలువ కలిపి ఒక రేటు ఉంటుంది, అది రాశామని చెప్పాను. ఆమె తల ఊపింది కానీ కదల్లేదు. "ఆ డబ్బు ఒక్కసారి ఇస్తారు. ఇది ఏటా ఇస్తుంది" అంది. నేను ఏం జవాబు చెప్పలేకపోయాను. చేతిలో ఉన్న ఫారంలో దానికి గడి లేదు.

పరిహారం పడిన ఆర్నెల్లకు అదే ఊరికి హద్దురాళ్లు చూడటానికి వెళ్లాను. ఒక్క వీధిలో కొత్త మోటారు సైకిళ్లు తొమ్మిది. నవ్వుకోవడానికి రాయడం లేదు. జన్మలో మొదటిసారి చేతికి లక్షలు వచ్చినవాడు కొడుకు అడిగిన బండి కొనడంలో తప్పేముంది? ఆడపిల్ల పెళ్లి చేశారు, పాత అప్పులు తీర్చారు, ఇల్లు కట్టారు. అన్నీ న్యాయమైన ఖర్చులే. కానీ నాలుగెకరాలు ఇచ్చినవాడికి మళ్లీ నాలుగెకరాలు దొరకలేదు. పరిహారం వస్తుందని తెలిసిన రోజే చుట్టుపక్కల పదిహేను, ఇరవై కిలోమీటర్ల దాకా భూముల ధర పైకి లేచిపోయింది. ఒకేసారి రెండొందల కుటుంబాలు డబ్బు పట్టుకుని భూమి వెతుక్కుంటే అమ్మేవాడు ఊరుకుంటాడా? అప్పటి రిజిస్ట్రేషన్ విలువ ప్రకారం కట్టిన డబ్బుతో, పెరిగిపోయిన మార్కెట్లో కొనాలి. ఎకరంన్నర కొనుక్కున్నవాడు తెలివైనవాడనిపించుకున్నాడు. మిగతావాళ్లలో చాలామంది నాలుగైదేళ్లలో కూలికి వెళ్లడం నేను చూశాను. వాళ్ల పాత పొలం మీదుగా పోయే రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు క్లీనరుగా ఒకాయన కనబడి నన్ను గుర్తుపట్టి పలకరించాడు.

నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లు చేసింది కూడా చెప్పాలి. డబ్బు పడకముందే, గని మాట వినబడిన ఏడాదిలోనే, దూరంగా మరో మండలంలో భూమికి అడ్వాన్సు ఇచ్చినవాళ్లు బాగున్నారు. డబ్బుని అన్నదమ్ములు ముక్కలు చేసుకోకుండా కలిసి కొన్నవాళ్లు బాగున్నారు. పిల్లల చదువు మీద పెట్టి, ఆ పిల్లలు ఐటీఐ చేసి గనిలోనే ఎలక్ట్రీషియనో, ఫిట్టరో అయిన కుటుంబాలు చాలా బాగున్నాయి. మొత్తం మీద పదిళ్లలో మూడిళ్లు అలా ఉంటాయేమో. ఇది నా కంటి అంచనా, ఎవరూ లెక్కగా తీసుకోవద్దు.

2013 భూసేకరణ చట్టం వచ్చాక పరిస్థితి కొంత మెరుగైంది. పల్లెల్లో మార్కెట్ విలువని ఒకటి నుంచి రెండు రెట్ల దాకా హెచ్చించి, దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం (అదనపు పరిహారం) కలపాలి. ఆ చట్టం భూమి యజమానిని మాత్రమే బాధితుడిగా చూడదు. మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న కూలీ, కౌలుదారు, చేతివృత్తులవాళ్ల కుటుంబాలు కూడా బాధిత కుటుంబాలే. పెళ్లైనా కాకపోయినా మేజరైన ప్రతి మనిషీ వేరే కుటుంబం కింద లెక్క. పునరావాసం కింద ఉద్యోగం, లేదా 5 లక్షల రూపాయలు, లేదా ఇరవై ఏళ్లపాటు నెలకు 2 వేలకు తగ్గకుండా ధరల సూచీతో పెరిగే చెల్లింపు, ఈ మూడిట్లో ఒకటి కోరుకోవచ్చు. ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే బాధిత కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలి. కాగితం మీద ఇది మంచి చట్టం. కానీ కౌలుదారు తాను కౌలుదారునని చూపించుకోగలగాలి కదా. మన ప్రకాశం జిల్లాలో పొగాకు, మిరప వేసేవాళ్లలో ఎంతమంది నోటి మాట కౌలు మీద చేస్తున్నారో మీకు తెలియంది కాదు. సీసీఆర్సీ కార్డు (పంట సాగుదారు హక్కు కార్డు) తీసుకోమంటే భూమి యజమాని ముఖం చిట్లిస్తాడు. గని మాట వచ్చాకైతే అసలు సంతకం పెట్టడు.

మీ ఊరి విషయంలో ఇంకో మెలిక ఉంది. మీది కొండ గని. కొండ చాలావరకు సర్కారు పోరంబోకు అయి ఉంటుంది. అప్పుడు సేకరించాల్సిన పట్టా భూమి కొద్దిగానే ఉంటుంది, పరిహారం వచ్చే కుటుంబాలూ కొద్దిగానే ఉంటాయి. కానీ గొర్రెలు మేపుకునేవాళ్లు, కట్టెలు తెచ్చుకునేవాళ్లు, కొండ నీళ్లతో నిండే చెరువు కింద ఆయకట్టు రైతులు, వీళ్లెవరి పేరూ సేకరణ జాబితాలోకి రాదు.

బొగ్గు గనుల దగ్గర నేను చూసినవాళ్లలో అందరికన్నా ఎక్కువ నష్టపోయింది కూడా ఇలాంటివాళ్లే. మేం మ్యాపు మీద ఒక గీత గీస్తాం, గని హద్దు. గీత లోపల పడ్డవాడికి పరిహారం, పునరావాస కాలనీలో స్థలం. గీతకి దూరంగా, మెయిన్ రోడ్డు మీద ఉన్నవాడికి షాపు అద్దె. గీతకి సరిగ్గా అవతల, మూడు నాలుగొందల మీటర్లలో ఉన్నవాడికి మాత్రం ఏదీ రాదు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరను మోగుతుంది. లోతు బోర్ల బ్లాస్టింగ్ అయితే 500 మీటర్ల లోపు ప్రమాద ప్రాంతం, అక్కడ మనుషులు ఉండకూడదు. పశువుల్ని తోలుకుని దూరంగా నిలబడాలి. రోజూ. గోడలో జుట్టులా సన్నటి చీలిక మొదలై ఏడాదికి వేలు దూరేంత అవుతుంది. అడిగితే "ఇల్లు పాతది, పునాది సరిగా లేదు" అంటారు. ఆరబెట్టిన మిరపకాయల మీద దుమ్ము పడితే వ్యాపారి ధర కోస్తాడు. పక్క ఊరు ఖాళీ అయిపోయిందంటే బస్సు ఆగిపోతుంది, బడిలో పిల్లలు తగ్గి బడి మూస్తారు, కూలీలు దొరకరు. అలాంటి ఊళ్లలో మేం పదేళ్ల తేడాతో రెండుసార్లు ఇళ్లు లెక్కపెట్టాం. రెండోసారి సగం ఇళ్లకి తాళాలు. వాళ్లని ఎవరూ వెళ్లగొట్టలేదు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కాబట్టి ఏ నిర్వాసితుల జాబితాలోనూ లేరు. మా ఊళ్లని కూడా తీసుకోండి మహాప్రభో అని కలెక్టరాఫీసు ముందు ధర్నా చేసిన పల్లెలు కూడా బొగ్గు ప్రాంతంలో ఉన్నాయి.

కూలి రేట్ల మాటకొస్తే, గని వచ్చిన మొదటి రెండు మూడేళ్లు మగకూలి బాగా పెరుగుతుంది. రోడ్లు, షెడ్లు, కంచె, క్వార్టర్ల పని ఉంటుంది. దాంతో వ్యవసాయానికి మనుషులు దొరకరు. మనవైపు దీని అర్థం మీకు వెంటనే తెలుస్తుంది. పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) కాలుతున్నప్పుడు రాత్రీ పగలూ మనిషి కాపలా ఉండాలి, వేడి ఎక్కువైనా తక్కువైనా ఆకు పోతుంది. మా నాన్న బ్యారన్ పక్కన నులక మంచం వేసుకుని పడుకుని గంటగంటకీ లేచి చూసేవాడు. అలాంటి పనికి రోజుకి ఎనిమిది గంటల గని డ్యూటీ రుచి చూసిన కుర్రాడు రాడు. నిర్మాణం పని అయిపోయాక ఆ కూలి ఆగిపోతుంది, కానీ ఈలోపు సేద్యం వదిలేసినవాడు మళ్లీ బ్యారన్ వెలిగించడు. ఈ విరామమే పల్లెను విరిచేస్తుంది.

ఆడవాళ్ల సంగతి ఎవరూ అడగరు, మీరూ అడగలేదు, అయినా రాస్తాను. 1952 గనుల చట్టం ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదంది. 2019లో గానీ కేంద్రం ఆ నిబంధన సడలించలేదు. కాబట్టి బొగ్గు జీతం అంటే తరతరాలుగా మగ జీతమే. సేద్యంలో నాట్లకీ, కలుపుకీ, మిరప కోతకీ, పొగాకు ఆకు కర్రలకి కట్టడానికీ, గ్రేడింగుకీ ఆడవాళ్లకి తమ పేరు మీద కూలి వచ్చేది. ఆ భూమి గోయిలోకి పోయాక ఆమె చేతికి వచ్చే డబ్బు ఆగిపోయింది. ఇంట్లో మొత్తం ఆదాయం పెరిగిన చోట కూడా ఆమె ప్రతి ఖర్చుకీ మొగుణ్ణి అడగాల్సి వచ్చింది. జీతం రోజు సాయంత్రం గని గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లని చూస్తే ఇది ఎవరికైనా అర్థమవుతుంది.

మన నెల్లూరు అభ్రకం (మైకా) గనులు ఈ ఒక్క విషయంలో మేలు. గూడూరు, సైదాపురం, రాపూరు వైపు అభ్రకం తవ్వకాలు పందొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలయ్యాయి. తవ్వింది మగవాళ్లయినా, రాతి పుస్తకంలా ఉన్న అభ్రకాన్ని పల్చటి రేకులుగా విడదీసింది ఆడవాళ్లు. షెడ్లలో వందలమంది కూర్చుని ఆ పని చేసేవాళ్లు. నెల్లూరు అభ్రకం విదేశాలకి వెళ్లి కరెంటు సామాన్లలో, రేడియోల్లో పడేది. తర్వాత అభ్రకానికి బదులు వేరే పదార్థాలు వచ్చాయి, కొనే దేశాలు కొనడం తగ్గించాయి, గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ వేళ్ల నేర్పు ఇంకే పనికీ అక్కరకు రాలేదు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల తెల్లరాయికి (క్వార్ట్జ్) గిరాకీ వచ్చి పాత దిబ్బల దగ్గర మళ్లీ అలజడి మొదలైంది. గని మూతపడ్డ తర్వాత పల్లె ఎలా ఉంటుందో చూడాలంటే మీరు ఇల్లందు, బెల్లంపల్లి దాకా వెళ్లక్కర్లేదు, సైదాపురం వెళ్లినా చాలు. వెళ్లగలిగితే బెల్లంపల్లి కూడా చూడండి. గనులు ఒక్కొక్కటే మూతపడి, ఆఫీసులు తరలిపోయి, ఒకప్పుడు కిటకిటలాడిన బజారు ఎలా పలచబడిందో పాత షాపులవాళ్లు చెప్తారు.

బొగ్గు గురించి మన జిల్లావాళ్లకి ఇంకో కోణం తెలుసు. మనకి బొగ్గు గని లేదు. నెల్లూరు, ప్రకాశం నేల చాలావరకు బొగ్గు పుట్టిన కాలానికన్నా ఎంతో పాత రాయి. కానీ ముత్తుకూరు మండలం నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది, 800 మెగావాట్ల యూనిట్లు మూడు. దానికి ఒడిశా తాల్చేరు బొగ్గు పారదీప్ నుంచి ఓడల్లో కృష్ణపట్నం చేరుతుంది. విదేశీ బొగ్గు కూడా దిగుతుంది. గని కష్టం తాల్చేరు పల్లెలది, బూడిద కష్టం మన పల్లెలది, కరెంటు అందరిదీ. లాభం ఒక చోట, బరువు ఇంకో చోట ఎలా పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

నీళ్ల సంగతి. ఓపెన్ కాస్ట్ గోయి భూగర్భ జలమట్టం కన్నా కిందికి వెళ్తుంది. గోయిలో ఊరే నీళ్లని పంపులతో రాత్రీ పగలూ తోడి పారేయాలి. చుట్టూ ఉన్న బావుల నీళ్లు ఆ గోయి వైపు జారతాయి. ఒక రైతు బావిలో నేనే మూడు వేసవులు టేపు వదిలి చూశాను. మొదటి ఏడాది తొమ్మిది మీటర్లకి నీళ్లు తగిలాయి, రెండో ఏడాది పధ్నాలుగు, మూడో ఏడాది టేపు చివర పొడిగా పైకి వచ్చింది. తోడిన నీళ్లు కాలవలో వదిలితే కింది ఊళ్ల చెరువులు నిండి వాళ్లు రెండో పంట వేసుకున్న చోట్లూ ఉన్నాయి. పైఊరి బావి ఎండితే కింది ఊరి చెరువు నిండుతుంది. మళ్లీ రెండు లెక్కలు.

మీ కొండకి ఇది మరోలా వర్తిస్తుంది. ఒంగోలు ప్రాంతపు ఇనుప రాయి తక్కువ గ్రేడు మాగ్నెటైటు. తవ్వి నేరుగా అమ్ముకునే సరుకు కాదు. మెత్తగా రుబ్బి, నీళ్లతో కలిపి, అయస్కాంతంతో ఇనుము వేరుచేయాలి. దానికి చాలా నీళ్లు కావాలి, మిగిలిన బురద నిల్వ చేయడానికి చెరువంత కట్ట కావాలి. వేసవిలో ట్యాంకర్లు తిరిగే జిల్లాలో, కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన ప్రాంతంలో, ఆ నీళ్లు ఎక్కడివి అని మొదట అడగాలి. రామతీర్థం రిజర్వాయరుదా, గుండ్లకమ్మదా, బోర్లదా? రెండోది కొండ మీద పడ్డ వాన ఏ చెరువుకి వెళ్తుందో చూడండి. కొండ తవ్వితే ఆ వాగులో ఎర్రటి బురద దిగి రెండు మూడు వానాకాలాల్లో చెరువు పూడిపోతుంది. రాతి దుమ్ములో సిలికా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, వచ్చాక నయం కాదు. పనిచేసేవాళ్లు ఇది తెలిసి మాస్కు లేకుండా డ్రిల్లు పట్టకూడదు.

డబ్బు ఊరికి తిరిగి రావడానికి దారి ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్లు పెట్టారు. కొత్తగా వేలంలో లీజు తీసుకున్నవాళ్లు రాయల్టీ మీద 10 శాతం, పాత లీజుదారులు 30 శాతం అందులో జమ చేయాలి. ఆ సొమ్ము గని ప్రభావం పడ్డ ఊళ్లకే, ముఖ్యంగా తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం మీద ఖర్చుపెట్టాలి. ఏయే ఊళ్లు ప్రభావిత ఊళ్లు అన్న జాబితాలో మీ పంచాయతీ పేరు ఉందా లేదా అన్నదే కీలకం. నేను చూసిన చోట్ల గనికి దూరంగా ఉన్న పట్నంలో సిమెంటు రోడ్లు పడ్డాయి, బ్లాస్టింగ్ శబ్దం వినబడే ఊరికి మంచినీళ్ల పైపు రాలేదు. గ్రామసభ తీర్మానం రాసి పంపిన సర్పంచి ఊరికి మాత్రం వాటర్ ప్లాంటు వచ్చింది.

మీరు నన్ను నేరుగా గని కావాలా వద్దా అని అడగలేదు. అయినా నా అభిప్రాయం దాచుకోను. నేను గని అన్నం తిన్నాను. నా పిల్లలు గని జీతంతో చదువుకున్నారు. గనులన్నీ చెడ్డవని నేను అనలేను. కానీ తక్కువ గ్రేడు ఖనిజం, నీళ్లు లేని జిల్లా, యంత్రాలతో నడిచే తవ్వకం, ఈ మూడూ ఒకచోట చేరినప్పుడు మీ ఊరికి మిగిలేది ఏమిటో కంపెనీవాళ్లు రాతపూర్వకంగా చూపించాలి. చూపించేదాకా ఊరు ఒప్పుకోకూడదు.

ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే దానికి 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో పెట్టాలి. అది తెచ్చి చదవండి. సభలో ఆవేశంగా మాట్లాడినవాళ్ల మాటలు మినిట్స్ పుస్తకంలో ఒక వాక్యంగా కుదించుకుపోవడం నేను చాలాసార్లు చూశాను. ప్రశ్నలు కాగితం మీద రాసి, నంబర్లు వేసి ఇవ్వండి, ముద్ర వేసిన కాపీ తీసుకోండి. శాశ్వత ఉద్యోగాలు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని, స్థానికులకి ఏ అర్హతతో ఎన్ని, ఏ ఏడాది? రోజుకి ఎన్ని నీళ్లు, ఎక్కడి నుంచి? టిప్పర్లు ఏ దారిన పోతాయి? బ్లాస్టింగ్ కంపనం కొలిచే యంత్రం ఎవరి ఇంటి దగ్గర పెడతారు, ఆ రీడింగులు పంచాయతీకి ఇస్తారా? గని మూసేటప్పుడు గోయి ఏం చేస్తారు, దానికి డబ్బు ఎక్కడ జమ చేశారు? బొగ్గు గనులకి 2009 నుంచి మూసివేత ప్రణాళిక, దానికి ప్రత్యేక ఖాతాలో డబ్బు జమ తప్పనిసరి చేశారు. మీ గనికి ఏముందో అడిగి తెలుసుకోండి.

వీటన్నిటికన్నా ముందు, ఇవాళే మొదలుపెట్టగలిగింది ఒకటుంది. సర్వేయర్‌గా చెప్తున్నాను, తర్వాత ఎంత మొత్తుకున్నా "గని రాకముందు ఎలా ఉండేది" అన్నదానికి రుజువు లేకపోతే ఏ అధికారీ, ఏ కోర్టూ మీ మాట వినదు. ఊళ్లో కాలేజీ పిల్లలు నలుగుర్ని పోగేయండి. ఒక నోటు పుస్తకం, బరువు కట్టిన టేపు చాలు. ప్రతి బావిలో, ప్రతి బోరులో నీళ్లు ఎన్ని మీటర్ల లోతున ఉన్నాయో తేదీతో, రైతు పేరుతో రాసి రైతు సంతకం, వీఆర్వో సంతకం తీసుకోండి. ప్రతి ఇంటి గోడలు నాలుగు వైపులా ఆ రోజు పేపరు పక్కన పెట్టి ఫోటో తీయండి. ఎవరు ఎవరి భూమి కౌలుకి చేస్తున్నారో, ఎవరి గొర్రెలు ఎన్ని కొండ మీద మేస్తాయో రాయండి. చెరువు కట్ట దగ్గర పూడిక మట్టం ఎంతుందో ఒక రాయి పాతి గుర్తు పెట్టండి. పుస్తకం జిరాక్సులు మూడు తీసి ఒకటి పంచాయతీలో, ఒకటి బడిలో, ఒకటి మీ ఇంట్లో ఉంచండి. బావుల కొలత మాత్రం ఏడాదికి రెండుసార్లు తీయాలి, వానలు వెనకబట్టాక ఒకసారి, మే నెలాఖర్లో ఒకసారి. మన వైపు బావులు అట్టడుగుకి చేరేది అప్పుడే, మొదటి కొలత మే నెలలోనే తీయండి. టేపు ఎలా వదలాలో, ఎక్కడి నుంచి కొలవాలో తెలియకపోతే అడగండి, బొమ్మ గీసి పెడతాను.